పుర్రెలు కొలిచిన కాలం నుంచి పుస్తకం పట్టిన కాలం దాకా: మన బుర్రల చరిత్ర

కనిగిరి నుంచి మేము, హాస్టల్ పిల్లలం రాస్తున్న పోస్టు ఇది. కొంచెం పెద్దదే. తీరిక చేసుకుని చివరిదాకా చదవండి.

"వీళ్ల బుర్రకు లెక్కలు ఎక్కవు." "ఆటలు, డాన్సులు అయితే వీళ్లకు పుట్టుకతోనే వస్తాయి, చదువే రాదు." ఈ రెండు మాటలు వినకుండా కాలేజీ దాకా వచ్చినోళ్లు మనలో ఎంతమంది ఉన్నారు? మా గదిలో యానాదులం, ఎరుకలోళ్లం, సుగాలీలం కలిసి ఉంటాం. ఏదో ఒక క్లాసులో, ఎవరో ఒకరి నోట అందరమూ విన్నాం. కొన్నిసార్లు మన ఇళ్లలో మనోళ్లే అంటారు, "మన తలకాయలకి చదువులెక్కడియిరా" అని. ఇప్పుడు ఇంకో రకం మొదలైంది. సెల్లులో వీడియోలు వస్తున్నాయి: నీది ఎడమ మెదడా, కుడి మెదడా? ఎడమైతే లెక్కలు, కుడైతే పాటలు అంట.

అందుకే మెదడులో ఏ భాగం ఏ పని చేస్తుంది, అది ఎవరు ఎలా కనిపెట్టారు అనే చరిత్ర చదివాం. చదివే కొద్దీ అందులో మన తాతల సంగతి కూడా కనిపించింది. మేము చెప్పదలుచుకున్నది ఒకటే. మెదడులో ఒక్కో పనికి ఒక్కో చోటు ఉందనేది నిజం. ఆ చోటు ఫలానా జాతికి ఉంటుంది, ఫలానా జాతికి ఉండదు అనేది అబద్ధం. నిజమూ అబద్ధమూ ఒకే కాలంలో పుట్టాయి, ఒకచోట ఒకే మనిషి నోటి నుంచి వచ్చాయి. రెండింటినీ విడదీసి చూడటం మన పని.

పక్షవాతం చెప్పే పాఠం

మన కాలనీల్లో, తండాల్లో పక్షవాతం వచ్చిన పెద్దోళ్లు ఎవరో ఒకరు ఉంటారు. ఒక్కసారి గుర్తు చేసుకోండి. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినోళ్లలో చాలామందికి మాట కూడా పోతుంది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినోళ్లు మాత్రం మూతి వంకర పోయి మాట ముద్దగా వచ్చినా, ఎక్కువమంది చెప్పాలనుకున్నది చెప్పగలుగుతారు. ఊళ్లో గాలి సోకిందంటారు, దిష్టి తగిలిందంటారు. అసలు సంగతి ఏందంటే, మెదడు రెండు సగాలుగా ఉంటుంది. ఎడమ సగం కుడి చేతిని, కుడి కాలిని నడుపుతుంది. కుడి సగం ఎడమ పక్కను నడుపుతుంది. మాట్లాడే పనిలో పెద్ద భాగం ఎక్కువమందికి ఎడమ సగంలోనే ఉంటుంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో దాదాపు 95 శాతానికి అంతే, ఎడమచేతి వాటం వాళ్లలో కూడా దాదాపు 70 శాతానికి అంతే. అందుకే ఎడమ మెదడులో రక్తనాళం మూసుకుపోతే కుడి పక్కతో పాటు మాట కూడా దెబ్బతింటుంది.

ఇప్పుడు ఎంత మామూలుగా చెప్పేశామో, ఈ సంగతి తేలడానికి అంత కాలం పట్టింది.

తల మీద బొడిపెలు

1800 ప్రాంతంలో వియన్నాలో ఫ్రాంజ్ జోసెఫ్ గాల్ అనే డాక్టర్ ఉండేవాడు. మెదడు అంతా ఒకే ముద్ద కాదు, ఒక్కో గుణానికి ఒక్కో భాగం ఉంటుంది అన్నాడు. అక్కడివరకు దారి మంచిదే. ఆ తర్వాతే దారి తప్పాడు. ఏ భాగం పెద్దగా ఉంటే పుర్రె అక్కడ ఉబ్బుతుంది, కాబట్టి తల తడిమి మనిషి గుణం చెప్పొచ్చు అన్నాడు. ప్రేమకు ఒక బొడిపె, దొంగతనానికి ఒక బొడిపె, హత్యకు ఒక బొడిపె. మొత్తం 27 గుణాలు లెక్కపెట్టాడు. దీన్నే ఫ్రెనాలజీ అన్నారు. రుజువు లేదు, పరీక్ష లేదు, అయినా యూరప్ అంతా వేలం వెర్రిగా పాకింది.

అది ఇండియాకు కూడా వచ్చింది. 1825లో కలకత్తాలో ఫ్రెనాలజీ సంఘం పెట్టారు. 1830లలో మధ్య భారతంలోని సాగర్‌లో థగ్గులని చెప్పి ఉరి తీసినవాళ్లలో ఏడుగురి పుర్రెలను బ్రిటన్‌లోని ఎడిన్‌బరో పట్టణానికి పంపారు. అక్కడి ఫ్రెనాలజీ సంఘం వాళ్లు వాటిలో హత్య బొడిపె కోసం వెతికారు. ఆ ఏడుగురు నిజంగా ఏం చేశారో, ఏ తిండి లేక ఏ దారి పట్టారో అడగలేదు. తలకాయ కొలిస్తే చాలనుకున్నారు.

ఒకే మనిషి, రెండు పనులు

1861లో ప్యారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే డాక్టర్ దగ్గరకు ఒక రోగి వచ్చాడు. పేరు లబోర్న్. ఏమడిగినా "టాన్, టాన్" తప్ప ఇంకో మాట సరిగా వచ్చేది కాదు. అందుకని ఆసుపత్రిలో అందరూ అతన్ని టాన్ అనే పిలిచేవాళ్లు. ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమయ్యేది. చేతి సైగలతో జవాబు చెప్పేవాడు. కొద్ది రోజులకే చనిపోయాడు. బ్రోకా అతని మెదడు తెరిచి చూస్తే ఎడమ పక్క ముందు భాగంలో ఒకచోట పాడైపోయి ఉంది. అలాంటి రోగులు ఇంకా కొందరిని చూశాక, 1865లో, మనం ఎడమ మెదడుతో మాట్లాడతాం అని తేల్చాడు. ఆ చోటును ఇప్పటికీ బ్రోకా ప్రాంతం అంటారు. నిజానికి మార్క్ డాక్స్ అనే ఫ్రెంచి డాక్టర్ 1836లోనే ఈ సంగతి గమనించాడు, కానీ అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఇదే బ్రోకా 1859లో ప్యారిస్‌లో మానవ శాస్త్ర సంఘం పెట్టాడు. పుర్రెలు కొలవడంలో, మెదళ్లు తూచడంలో ఆ కాలంలో అతన్ని మించినోడు లేడు. మగవాళ్ల మెదడు ఆడవాళ్ల మెదడు కంటే పెద్దది, గొప్ప జాతుల మెదడు తక్కువ జాతుల మెదడు కంటే పెద్దది, అందుకే తెలివిలో తేడా అని రాశాడు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. రోగి మెదడు తెరిచి చూసి, ఎక్కడ పాడైంది, ఏ పని పోయింది అని ఒక్కొక్కటి సరిపోల్చినప్పుడు ఆయనకు నిజం దొరికింది. ఫలితం ముందే మనసులో పెట్టుకుని పుర్రెలు కొలిచినప్పుడు తనకు కావాల్సిన అబద్ధమే దొరికింది. సైన్సు తప్పు కాదు, మనిషి ముందే తీర్పు రాసుకుని కూర్చోవడం తప్పు.

ఆ కొలతలు మన దాకా వచ్చాయి

మద్రాసు మ్యూజియానికి 1885 నుంచి 1908 దాకా ఎడ్గర్ థర్స్టన్ అనే దొర సూపరింటెండెంట్. రెండు కాళ్ల ఇనుప కంపాస్ లాంటి పరికరం పట్టుకుని ఊరూరా తిరిగాడు. తల పొడవెంత, వెడల్పెంత, ముక్కు పొడవెంత, వెడల్పెంత అని కొలిచి రాసుకున్నాడు. పోలీసు అధికారులకు కూడా ఈ కొలతల మీద పాఠాలు చెప్పాడు. 1909లో రంగాచారి అనే ఆయన సాయంతో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. అందులో ఎరుకలోళ్ల సంగతులు కొరవ అనే పేరు కింద, యానాదుల సంగతులు ఏడో సంపుటంలో ఉన్నాయి. ఉత్తరాన రిజ్లీ అనే ఇంకో అధికారి, ముక్కు ఎంత వెడల్పుగా ఉంటే కులంలో అంత తక్కువ అని సిద్ధాంతమే చేశాడు.

ఇదే కాలంలో నేరస్థ తెగల చట్టం నడిచింది. 1871లో ఉత్తర భారతంలో మొదలైంది, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. ఒక మాట సరిగ్గా చెప్పుకోవాలి: ఆ చట్టం పుర్రె కొలిచి పెట్టింది కాదు. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు దొంగ కొడుకు దొంగే అవుతాడు అనే వాదం మీద పెట్టింది. కానీ రెండింటి వేరు ఒకటే. మనిషి ఏం చేశాడో చూడకుండా, ఎవరికి పుట్టాడో చూసి తీర్పు చెప్పడం. తెగ పేరు జాబితాకెక్కితే చాలు, వేలిముద్రలు ఇవ్వాలి, పోలీసు పిలిచినప్పుడు హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరేచోట పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది.

ఇది ఎక్కడో జరిగింది కాదు. మన కనిగిరి 1970 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉంది. అదే నెల్లూరు జిల్లాలో కావలి దగ్గర అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు ఎరుకలోళ్ల కోసం సెటిల్‌మెంటు నడిపారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ వాళ్ల సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి అయిన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం. ఆ ఊళ్లో చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఎంతమంది ఉన్నా, సినిమాకి మాత్రం ఆ ఊరు దొంగల ఊరుగానే కావాలి. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతా 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. కాగితం మీద రద్దయింది. "వీళ్ల రక్తంలోనే ఉంది", "వీళ్ల బుర్రకు ఎక్కదు" అనే మాటల్లో ఇంకా బతికే ఉంది.

నిజమైన పటం

ఇక రెండో దారి సంగతి. రోగుల్ని ఓపిగ్గా చూసినవాళ్లు మెదడు పటాన్ని కొంచెం కొంచెంగా గీశారు. 1874లో జర్మనీలో కార్ల్ వెర్నికే ఇంకో రకం రోగుల గురించి రాశాడు. వాళ్లు గడగడా మాట్లాడతారు, కానీ మాటకు అర్థం ఉండదు, ఎదుటివాళ్లు చెప్పేదీ తెలియదు. ఎడమ చెవి పై పక్కన, మెదడులో వెనకవైపు దెబ్బ తగిలితే అలా అవుతుంది. అంటే మాట పలకడానికి ఒక చోటు, అర్థం చేసుకోవడానికి ఇంకో చోటు, రెండింటికీ మధ్య దారి.

1930లలో కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ మూర్ఛ రోగులకు ఆపరేషన్ చేసేటప్పుడు, వాళ్లు మెలకువగా ఉండగానే, మెదడు మీద అక్కడక్కడ చిన్న కరెంటు పెట్టి చూశాడు. మెదడుకు నొప్పి తెలియదు కాబట్టి అది కుదిరింది. ఒకచోట పెడితే వేలు కదిలింది, ఇంకోచోట పెడితే పెదవి. అలా గీసిన పటంలో వీపంతటికీ ఇచ్చిన చోటు కొంచెమే. చేతివేళ్లకు, పెదవులకు, నాలుకకు ఇచ్చిన చోటు చాలా ఎక్కువ. మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోయే మన అమ్మల చేతివేళ్లు చూడండి. ఆకు తెగకుండా, కొమ్మ విరగకుండా, పండిన కాయను మాత్రమే తుంచుతాయి. చూసేవాళ్లకు అది ఒట్టి కూలి పని. పెన్‌ఫీల్డ్ పటం ప్రకారం అది మెదడు తన పెద్ద పొలాల్లో ఒకదాన్ని దున్నుతున్న పని.

1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గడానికి మెదడు రెండు పక్కలా లోపలి భాగం కొంత తీసేశారు. మూర్ఛ తగ్గింది, కానీ కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. కొద్దిసేపటి క్రితం మాట్లాడిన మనిషిని మళ్లీ కొత్తగా పరిచయం చేసుకునేవాడు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతనికి అద్దంలో చూస్తూ బొమ్మ గీయడం నేర్పితే, రోజు రోజుకూ బాగా గీశాడు. నిన్న గీసిన సంగతి మాత్రం గుర్తులేదు. అంటే విషయం గుర్తుండే చోటు వేరు, చేతిపని గుర్తుండే చోటు వేరు. మన అవ్వలు ఈతబరికెలతో తట్ట అల్లేటప్పుడు మాట్లాడుతూనే అల్లుతారు కదా, అది ఈ రెండో రకం జ్ఞాపకం. పరీక్షలో అడిగేది మొదటి రకాన్ని. రెండూ మెదడు పనులే.

ఎడమా, కుడీ

మెదడు రెండు సగాల మధ్య సుమారు 20 కోట్ల నరాల పోగులున్న వంతెన ఉంటుంది. 1960లలో కాలిఫోర్నియాలో రోజర్ స్పెర్రీ, మైకేల్ గజానిగా కలిసి, మూర్ఛ కోసం ఈ వంతెన కోయించుకున్న కొద్దిమంది రోగుల్ని పరీక్షించారు. చూపుకు ఎడమ పక్కన ఒక వస్తువు పేరు చూపిస్తే అది కుడి మెదడుకు పోతుంది. ఏం కనిపించింది అంటే ఏమీ లేదంటారు. ఎడమ చేతిని తెర కింద వెతకమంటే అదే వస్తువును తీసి పట్టుకుంటుంది. కుడి మెదడుకు తెలుసు, కానీ చెప్పే నోరు ఎడమ మెదడు దగ్గర ఉంది. ఈ పనికి 1981లో స్పెర్రీకి నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది.

మన సెల్లు వీడియోలు ఈ పరిశోధననే సాగదీసి అమ్ముకుంటున్నాయి. వంతెన కోసిన కొద్దిమంది రోగుల సంగతిని, వంతెన బాగున్న మనందరికీ అంటగడుతున్నాయి. 2013లో అమెరికాలోని యూటా యూనివర్సిటీ వాళ్లు 1,011 మంది మెదడు స్కాన్లు చూశారు. కొన్ని పనులు ఒక పక్కకు మొగ్గడం నిజమే, కానీ ఒక మనిషి మొత్తంగా ఎడమ మెదడు మనిషి, ఇంకొకరు కుడి మెదడు మనిషి అనేదానికి ఆధారం దొరకలేదు. లెక్క చేసినా పాట పాడినా రెండు సగాలూ పనిచేస్తాయి.

అందుకే "మీరు కుడి మెదడోళ్లు, డాన్సులకే పుట్టారు" అని పొగిడినా మనం సంబరపడకూడదు. అది కూడా థర్స్టన్ చేతిలోని కంపాసే. కాకపోతే దానికి పూలు చుట్టారు. డాన్సు మనది, అది వదులుకోం. లెక్కలు కూడా మనవే.

చదివే చోటు పుట్టుకతో రాదు

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి. 1892లో ప్యారిస్‌లో డెజెరిన్ అనే డాక్టర్ ఒక రోగి గురించి రాశాడు. బాగా చదువుకున్న మనిషి. ఒకరోజు ఉన్నట్టుండి అక్షరాలు చదవలేకపోయాడు. చూపు ఉంది, మాట ఉంది, రాయగలడు కూడా. తాను రాసిందే తాను చదవలేడు. మెదడు వెనక ఎడమ పక్కన దెబ్బ తగిలింది. అంటే చదవడానికి కూడా ఒక చోటు ఉంది.

మనుషులు రాత కనిపెట్టి 5,000 ఏళ్లు దాటింది, అంతే. మనిషి మెదడు వయసుతో పోలిస్తే అది నిన్న మొన్న. అంత తక్కువ కాలంలో చదువు కోసం మెదడులో కొత్త భాగం పుట్టుకతో రావడం కుదరదు. మరి ఆ చోటు ఎక్కడినుంచి వచ్చింది? 2010లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త స్టానిస్లాస్ డెహానే బృందం బ్రెజిల్, పోర్చుగల్ దేశాల్లో 63 మందిని పరీక్షించింది. కొందరికి చదువు రాదు, కొందరు చిన్నప్పుడే బడికి పోయారు, కొందరు పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్నారు. చదువు వచ్చినోళ్లలో ఎడమ మెదడు వెనక భాగంలో ఆ చోటు అక్షరాలకు స్పందించింది. పెద్దయ్యాక నేర్చుకున్నోళ్లలో కూడా స్పందించింది. రాతకు ముందు అదే చోటు ముఖాలు, వస్తువుల ఆకారాలు గుర్తుపట్టే పని చేసేది. బడి దాన్ని అక్షరాలకు మలిచింది.

2017లో వచ్చిన ఇంకో పరిశోధన మన దేశంలోనిదే. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో చదువు రాని పెద్దోళ్లకు ఆరు నెలలు హిందీ చదవడం, రాయడం నేర్పి, ముందూ తర్వాతా మెదడు స్కాన్ తీశారు. ఆ బృందంలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు కూడా ఉన్నారు. ఆరు నెలలకే మెదడు లోపలి పాత భాగాలకూ చూపు భాగానికీ మధ్య పొత్తు పెరిగింది.

దీని అర్థం ఏందో చూడండి. మా నాయనకి చదువు రాదు, తాతకి రాదు, కాబట్టి నాకు రాదు అనేది తప్పు. చదివే చోటు ఏ వంశంలోనూ పుట్టుకతో లేదు. కలెక్టర్ గారి పిల్లలకూ లేదు, మనకూ లేదు. అందరికీ బడిలోనే తయారైంది. తేడా ఒక్కటే, వాళ్లకు ఆ బడి మూడు తరాల ముందు తలుపు తెరిచింది, మనకు ఇప్పుడు తెరిచింది. మొదటి తరం చదువు అంటే మెదడు లేకపోవడం కాదు, మొదటి దుక్కి కావడం. మొదటి దుక్కికి నేల గట్టిగా ఉంటుంది, నాగలి ఎక్కువసార్లు తిప్పాలి. మిరప కోతలకని సంక్రాంతి తర్వాత రెండు మూడు నెలలు బడి మానే పిల్లలకు ఆ దుక్కి మధ్యలో ఆగిపోతోంది. బాధ పడాల్సింది వాళ్ల బుర్ర గురించి కాదు, ఆ నెలల గురించి.

మన భాషలు బరువు కాదు

ఎరుకల భాష, లంబాడీ ఇంట్లో మాట్లాడే పిల్లలకు తెలుగు, ఇంగ్లీషు మీద పడి బుర్ర గందరగోళం అవుతుంది అంటారు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ఒక పరిశోధన వెలువరించింది. మతిమరుపు జబ్బు వచ్చిన 648 మందిని చూశారు. రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడే 391 మందిలో ఆ జబ్బు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. 2016లో పక్షవాతం వచ్చిన 608 మందిని చూస్తే, ఆలోచనా శక్తి మామూలుగా నిలిచినవాళ్లు ఎక్కువ భాషలవాళ్లలో దాదాపు 40 శాతం, ఒకే భాషవాళ్లలో దాదాపు 20 శాతం. అయితే మాట పోవడంలో ఇద్దరికీ తేడా లేదు. ఇతర దేశాల్లో చేసిన పరిశోధనల్లో అన్నిచోట్లా ఇదే ఫలితం రాలేదు, కాబట్టి దీన్ని మందులా అమ్ముకోవద్దు. కానీ ఇంటి భాష మెదడుకు బరువు అనేదానికి మాత్రం ఇవి గట్టి జవాబు. ఈ పనిలో నిమ్స్‌తో కలిసినవాళ్లు ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్లు. ఒకప్పుడు ఉరితీసినవాళ్ల పుర్రెలు తెప్పించుకున్న పట్టణం, ఇప్పుడు మన మనుషుల మాటలు విని నేర్చుకుంటోంది.

మనం చేయాల్సింది

ఒకటి. ఇంట్లో ఎవరికైనా మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యి, కాలు పట్టు తప్పినా, మాట తడబడినా గాలి, దిష్టి అని కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోనే పనిచేస్తుంది. కనిగిరి నుంచి ఒంగోలు పోవడానికే ఎంత సేపు పడుతుందో మనకు తెలుసు. పోయిన నిమిషం మెదడులో తిరిగి రాదు.

రెండు. వేలిముద్రలు చూసి మీ పిల్లలది ఏ మెదడో చెబుతామనే వాళ్లకు డబ్బులు ఇవ్వొద్దు. మన తాతల వేలిముద్రలు తీసుకున్నవాళ్లు కూడా వాళ్ల గుణం తెలిసిందనే అన్నారు.

మూడు. మీ ఇళ్లలో సెటిల్‌మెంట్ల సంగతి, హాజరు పిలుపుల సంగతి విన్న ముసలోళ్లు ఉంటే సెల్లులో రికార్డు చేసి పెట్టండి. థర్స్టన్ రాసిన ఏడు సంపుటాల్లో మన తలల కొలతలున్నాయి, మన మాటలు లేవు. ఆ మాటలు మనమే రాయాలి.

నాలుగు. హాస్టల్‌కి కొత్తగా వచ్చే తమ్ముడో చెల్లెలో "నా బుర్రకు ఎక్కట్లేదు అన్నా" అంటే నవ్వొద్దు. పక్కన కూర్చోబెట్టుకుని, ఇంకోసారి చెప్పండి.

మీ ఊళ్ల సంగతులు కింద రాయండి.